పసుపు గుంజ

జెట్టీ మీద పదకొండో నంబరు ఇనప గుంజకి
ఏటేటా పసుపు రంగు వేసేవారు.
పెద్ద సారెవరో చూడ్డానికొచ్చే ముందురోజు
ఇద్దరు కుర్రాళ్ళు డబ్బా పట్టుకొచ్చి
తుప్పు మీదే, కాకిరెట్టల మీదే
కుంచె ఆడించి పోయేవారు.
సాయంత్రానికది నలుగు పెట్టిన పెళ్ళికూతురు.

మా అయ్యకి తాడు తెలుసు.
కొత్త తాడుని ముందు వాసన చూసేవాడు,
పురి విప్పి పంటికింద పెట్టేవాడు,
ఒక కొస నాకిచ్చి రెండో కొస తను గుంజేవాడు.
ఎనిమిదేళ్ళదాన్ని, ఇసకలో బోర్లా పడేదాన్ని.
"గట్టిదేనే" అని నవ్వేవాడు తాడుని చూసి.
నన్ను లేపేవాడు కాదు.
అలా తాళ్ళు చూడ్డం నేర్చుకున్నాను.
గుంజల సంగతి ఆయనేం చెప్పలేదు.
తెప్పని ఒడ్డుకి లాక్కుని బోర్లించేవాడు,
ఎవరి ఇనుముతోనూ ఆయనకి పనిలేదు.

నాది మరపడవ.
పద్నాలుగేళ్ళు గంప నెత్తినెట్టుకుని
జాలరిపేట నుంచి పూర్ణా మార్కెట్టుకి నడిచి
నెత్తళ్ళూ కానాగంతలూ అమ్మిన పడవ.
సగం నా మెడది, సగం వడ్డీవాడిది.
కోరాడ లింగమూర్తి దానికి బీమా కట్టించాడు.
నీలం రసీదు, మీద తెరచాప బొమ్మ.
"నేనున్నాను కదా పెద్దమ్మా" అన్నాడు.
ఆ మాట మీద తలపెట్టి
మూడేళ్ళు పడుకున్నాను.

ఏడో నంబరు ఎగరేసిన సాయంత్రం
అందరం జెట్టీకే కట్టాం.
తెడ్డు పరసన్న ఒక్కడే
కాలవ మధ్యకి పోయి రెండు లంగర్లు దించాడు.
"సర్కారోడి ఇనుం మీద కూడా అనుమానమేటిరా నీకు?"
అని నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను.

ఐదు తాళ్ళు వేశాను,
ఐదూ పంటికింద పెట్టి చూసినవే.

రాత్రి కొండమీద దీపం కనపడలేదు.
కొండే కనపడలేదు.
గాలి కాదది, ఎవరో ఊరిని
చేటలో పోసి చెరిగినట్టు.
తెల్లారేసరికి పదకొండో నంబరు దగ్గర
పళ్ళూడిన చిగురులాంటి మొదలు మాత్రం ఉంది.
లోపలంతా డొల్ల.
అందులో చిన్న పీతలు కాపరముంటున్నాయి.

తాళ్ళు తెగలేదు.
ఒక్కటి తెగినా బాగుండేదేమో.
మంచి తాళ్ళు కదా, గుంజని వదల్లేదు.
నా పడవ దాన్ని మెడలో గంటలా వేలాడేసుకుని
కాలవలోకి పోయింది,
ఎవరినీ నమ్మని పరసన్న పడవ పక్కటెముకల్లోకి.
రెండూ మునిగాయి.

లింగమూర్తి ఫోను మోగింది, మోగింది.
ఆఫీసున్న వీధిలో
ఇప్పుడు చెరుకురసం బండి ఉంది.
కుక్కతోక పట్టుకుని గోదారి ఈదొద్దంటారు.
మాకు గోదారి లేదు, సముద్రమే.
కుక్కలకి మాత్రం కొదవ లేదు.

పరసన్న నన్నేమీ అనలేదు.
వాళ్ళావిడ ఎదురొచ్చినప్పుడు
గంప అటు భుజం మార్చుకుంటుంది.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు.
ఆ సాయంత్రం ముడి బిగిస్తున్నప్పుడు
గుంజ మీది రంగు పెచ్చులా ఊడి
నా అరచేతిలోకి వచ్చింది.
కింద ఎర్రగా, మెత్తగా, తడిసిన బెల్లంలా.
చూశాను.
చీకటి పడుతోంది, వాన మొదలైంది,
మిగతా గుంజలన్నిటికీ ఎవరో ఒకరు కట్టేసుకున్నారు.
చెయ్యి చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని
ఇంకో చుట్టు వేశాను.

ఇప్పుడు జెట్టీ మీద కొత్త గుంజలు.
వాటికీ పసుపే.
కూలికి గంప మోస్తూ పోతూ పోతూ
రాయి తీసి ఒక్కోదాన్నీ కొట్టి వింటాను.
కుర్రాళ్ళు "ముసలమ్మ గంట కొడుతోంది" అంటారు.
నిన్న కొత్త ఏజెంటొకడు వచ్చాడు, తెల్ల చొక్కా,
"నేనున్నానమ్మా" అన్నాడు.

నా చేతిలో రాయి ఇంకా ఉంది.
అతను దాని వంక ఓసారి చూసి
రెండడుగులు వెనక్కి వేశాడు.